ఐదు నక్షత్రాలకూ ఒక నక్షత్రానికీ ఒకటే కారణం: ‘ఐస్‌బ్రేకర్’ నవల మీద పాఠకుల మాట

‘ఐస్‌బ్రేకర్’ అనే ఇంగ్లిష్ ప్రేమ నవల మీద వచ్చిన ఐదు నక్షత్రాల సమీక్షలు ఓ పది, ఒక నక్షత్రం సమీక్షలు ఓ పది పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సంగతి వెంటనే కంటికి తగులుతుంది. రెండు వైపుల వాళ్ళూ దాదాపు అవే విషయాలు చెబుతుంటారు. కథలో పెద్ద గొడవలేం ఉండవని ఒకరు మురిసిపోతూ రాస్తారు. కథలో పెద్ద గొడవలేం ఉండవని ఇంకొకరు విసుక్కుంటూ రాస్తారు. అబ్బాయి మరీ మంచివాడని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఆట తక్కువ, పడకగది ఎక్కువ అని కూడా ఇద్దరూ ఒప్పుకుంటారు. మరి తగవు దేని మీద? పుస్తకంలో ఏముందో అన్న దాని మీద కాదు. పుస్తకం చేతికి తీసుకునేటప్పుడు ఎవరు ఏం ఆశపడ్డారో అన్న దాని మీద.

స్పోర్ట్స్ రొమాన్స్, అంటే ఆటగాళ్ళ చుట్టూ తిరిగే ప్రేమ కథల కోవ, కొత్తగా పుట్టిందేమీ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల చుట్టూ అల్లిన ప్రేమ నవలలు 1990లలోనే బాగా అమ్ముడుపోయాయి. 2015 నాటికి కాలేజీలో ఐస్ హాకీ, అంటే మంచు మీద హాకీ, ఆడే కుర్రాళ్ళు ఈ కోవను తమ సొంతం చేసుకున్నారు. ఆ దారిలో వచ్చినదే ‘ఐస్‌బ్రేకర్’. రచయిత్రి హన్నా గ్రేస్ ఇంగ్లండ్‌కు చెందినవారు. 2022లో సొంతంగా ప్రచురించుకున్నారు. టిక్‌టాక్‌లో పుస్తకాల గురించి మాట్లాడుకునే పాఠకుల గుంపు, అందరూ బుక్‌టాక్ అని పిలిచేది, దాన్ని తలకెత్తుకుంది. 2023లో సైమన్ అండ్ షుస్టర్ సంస్థ మళ్ళీ అచ్చు వేసింది. ఆ తర్వాత ‘వైల్డ్‌ఫైర్’, ‘డేడ్రీమ్’ అంటూ అదే మేపుల్ హిల్స్ కాలేజీ నేపథ్యంలో మరో రెండు వచ్చాయి.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అనస్తేసియా ఫిగర్ స్కేటింగ్‌లో, అంటే మంచు మీద గెంతులు, తిరుగుళ్ళతో సాగే ఆటలో, ఒక అబ్బాయితో జోడీగా ఆడే అమ్మాయి. అమెరికా జట్టులో చోటు కోసం చిన్నప్పటి నుంచీ కష్టపడుతోంది. కాలిఫోర్నియాలోని ఒక కల్పిత విశ్వవిద్యాలయంలో పూర్తి స్కాలర్‌షిప్‌తో చదువుతోంది. నేట్ అదే కాలేజీ హాకీ జట్టుకు కెప్టెన్. ఒక రింక్, అంటే మంచు పరిచిన ఆటస్థలం, పాడైపోవడంతో రెండు జట్లూ ఒకే మంచును పంచుకోవాల్సి వస్తుంది. ఆమె స్కేటింగ్ జోడీ పరిస్థితి తారుమారయ్యాక నేట్ సాయం తప్పనిసరి అవుతుంది. మిగతాదంతా వాళ్ళిద్దరూ దగ్గరవడమే.

గొడవల్లేకపోవడం అన్న మాటను కాస్త విప్పి చూడాలి. ప్రేమ నవలల్లో మూడు వంతులు గడిచాక ఒక అపార్థం రావడం, ఇద్దరూ విడిపోవడం, చివరి ముప్పై పేజీల్లో కలుసుకోవడం ఆనవాయితీ. ఆ అపార్థం చాలాసార్లు ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయేదే. ఏళ్ళ తరబడి ఇలాంటివి చదివి విసిగిపోయిన పాఠకులకు, అడిగి తెలుసుకునే అబ్బాయి, కోపం వచ్చినా నోరు తెరిచి చెప్పే అమ్మాయి, ఏదైనా జరిగితే కూర్చుని మాట్లాడుకునే జంట ఒక ఊరట. ఉద్యోగం నుంచి అలసిపోయి వచ్చి పడుకునే ముందు యాభై పేజీలు చదువుకునే వాళ్ళకు గుండె దడ పెంచని కథ కావాలి. వాళ్ళ ఐదు నక్షత్రాలు ఆ ఊరటకు ఇచ్చినవి. ఎదుటి వర్గం అడిగేది కూడా న్యాయమే. నాలుగు వందల పైచిలుకు పేజీల పుస్తకానికి, చదివేవాణ్ణి పేజీ తిప్పించే బలం ఏదో ఒకటి ఉండాలి కదా? శత్రువులు ప్రేమికులయ్యే కథ అని చెప్పి చేతిలో పెట్టారు, తీరా చూస్తే ఆ శత్రుత్వం కొద్ది అధ్యాయాలకే కరిగిపోయింది, తర్వాత పార్టీలు, స్నేహితుల కబుర్లు, పడకగది, మళ్ళీ పార్టీలు అని వాళ్ళ ఫిర్యాదు. ఇక్కడ తప్పు నవలలో కంటే అమ్మిన తీరులోనే ఎక్కువ కనిపిస్తుంది. శత్రుత్వం అన్న చీటీ అంటించకుండా ఉంటే ఈ ఫిర్యాదుల్లో సగం పుట్టేవి కావు. మిగతా సగం మాత్రం నిలుస్తుంది. నడిమి భాగం నిజంగానే సాగదీసినట్టు ఉంటుంది, వంద పేజీలు తీసేసినా కథకు లోటు రాదు.

ఆట దగ్గరికి వస్తే పాఠకులు ఇంకో రకంగా చీలిపోతారు. మంచు మీద నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్ళు ఒక వైపు, లేనివాళ్ళు మరో వైపు. లేనివాళ్ళకు ఈ నవలలో ఆట ఒక అందమైన తెర. ఉన్నవాళ్ళకు పంటి కింద రాయి.

ఎందుకో తెలియాలంటే రెండు స్కేట్లను పక్కపక్కన పెట్టి చూడాలి. ఫిగర్ స్కేట్ బ్లేడు పొడుగ్గా ఉంటుంది. దాని ముందు కొసన రంపపు పళ్ళలాంటివి ఉంటాయి. వాటిని టో పిక్ అంటారు. ఆ పళ్ళను మంచులో గుచ్చి, ఆ ఊతంతోనే కొన్ని గెంతులు వేస్తారు. హాకీ స్కేట్‌కు ఆ పళ్ళు ఉండవు. దాని బ్లేడు పొట్టిగా, రెండు కొసలా పైకి వంగి ఉంటుంది. చటుక్కున ఆగడానికి, పక్కకు తిరగడానికి అనువుగా చేసినది. పదిహేనేళ్ళు హాకీ స్కేట్ల మీద తిరిగిన కుర్రాడికి ఫిగర్ స్కేట్లు తొడిగితే, ఒంటి బరువు కాస్త ముందుకు వాలగానే ఆ పళ్ళు మంచులో దిగబడి ముందుకు పడతాడు. ఇక జోడీ స్కేటింగ్ అంటే ఒట్టి స్కేటింగ్ కాదు. కదులుతూ, తిరుగుతూ, తోటి స్కేటర్‌ను తల మీదికి చేతులు పూర్తిగా చాచి ఎత్తాలి. గాలిలోకి విసిరితే ఆమె తిరిగి ఒంటి కాలి మీద దిగాలి. పట్టు జారితే పడేది గట్టి మంచు మీద, తలకు హెల్మెట్ కూడా ఉండదు. ఒక జోడీ కుదిరి, ఒకరి అడుగు ఒకరికి తెలిసి, నమ్మకంగా ఎత్తడానికి ఏళ్ళు పడుతుంది. హాకీ కెప్టెన్ వచ్చి సాయపడటం అన్న ఊహే స్కేటర్లకు మింగుడుపడదు. అయినా హాలీవుడ్ 1992లోనే హాకీ ఆటగాణ్ణి జోడీ స్కేటర్‌గా మార్చి ఒక ప్రేమ సినిమా తీసింది కాబట్టి ఈ కల జనానికి ఎప్పటి నుంచో ఇష్టమే.

రింక్ పంచుకోవడం మాత్రం నవలలో నిఖార్సయిన సమస్య. దాన్ని రచయిత్రి ఇంకా వాడుకోవాల్సింది. ఉత్తర అమెరికా హాకీ రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. హాకీకి మంచు గట్టిగా, మరింత చల్లగా ఉండాలి, అప్పుడే పక్, అంటే వాళ్ళు కర్రతో కొట్టే గుండ్రటి బిళ్ళ, జారుతుంది. ఫిగర్ స్కేటర్లకు కాస్త మెత్తని మంచు కావాలి, అప్పుడే బ్లేడు అంచు పట్టు దొరుకుతుంది, దిగినప్పుడు మోకాళ్ళకు దెబ్బ తగ్గుతుంది. హాకీ సాధన ముగిసేసరికి మంచు నిండా గాట్లు పడతాయి. ఫిగర్ స్కేటర్లు దిగి వెళ్ళాక టో పిక్ గుచ్చిన గుంతలు మిగులుతాయి. మధ్యలో జాంబోనీ బండి వచ్చి పైపొర గీకి, వేడి నీళ్ళు పోసి మళ్ళీ నున్నగా చేస్తే తప్ప ఎవరికీ పని జరగదు. తెల్లవారుజామున అయిదు గంటల సమయం ఎవరికి దక్కాలి అన్నది నిజమైన రింకుల్లో నిజంగా జరిగే తగవు. ఈ నవలను చదివిన స్కేటర్లు కొందరు ఇష్టపడింది సరిగ్గా ఈ భాగాన్నే. తమ జీవితంలోని చికాకు అచ్చులో కనబడటం ఒక ఆనందం.

కాలేజీ హాకీ వివరాలనూ అమెరికన్ పాఠకులు వదల్లేదు. కాలిఫోర్నియాలో పెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడే హాకీ జట్లు మూడున్నాయి కానీ, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పై శ్రేణి అయిన డివిజన్ 1లో పురుషుల హాకీ జట్టున్న విశ్వవిద్యాలయం ఒక్కటీ లేదు. ఫిగర్ స్కేటింగ్ అయితే ఎన్‌సీఏఏ ఆటల జాబితాలోనే లేదు. నవలలో అమ్మాయి కాలేజీ స్కేటింగ్ జట్టులో ఉంటూ ఒలింపిక్స్ వైపు నడవడం చూసి, ఆ లోకం తెలిసినవాళ్ళు తల పట్టుకుంటారు. అసలు ఈ కోవ నవలలన్నిటిలోనూ ఇలాంటి సర్దుబాట్లు ఉంటాయి. కాలేజీ హాకీలో ముఖమంతా కప్పే జాలీయో, షీల్డో తప్పనిసరి, కొట్లాటకు దిగితే ఆట నుంచి బయటకు పంపేస్తారు. నవలల్లో మాత్రం హీరో పెదవి చిట్లి రావాలి, హీరోయిన్ దూది పట్టుకుని తుడవాలి.

అలాగైతే ఇన్ని ఆటలుండగా రచయితలు హాకీనే ఎందుకు పట్టుకున్నారు? దానికి మంచి కారణమే ఉంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక జట్టు డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, ఎంచుకున్నాక కూడా కుర్రాడు కాలేజీలోనే ఉండి ఆడుకోవచ్చు. అంటే ఇరవై ఏళ్ళకే భవిష్యత్తు ఖాయమైన, కానీ ఇంకా హాస్టల్ పార్టీల్లో దొరికే అబ్బాయి. ప్రేమ కథకు ఇంతకంటే అనువైన మనిషి ఎక్కడ దొరుకుతాడు? జట్టు అంటే మరో ఇరవై మంది కుర్రాళ్ళు, వాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం రాసుకోవచ్చు. మేపుల్ హిల్స్ వరస నడిచిందీ అలాగే. మొదటి పుస్తకంలో పక్కన నిలబడ్డ రస్, హెన్రీ తర్వాతి రెండింటిలో హీరోలయ్యారు. హెన్రీ కోసం మొదటి పుస్తకాన్ని ఇష్టపడ్డామని చెప్పే పాఠకులు తక్కువేం కాదు.

ఇక్కడి నుంచి నవలలో అన్నిటికంటే గట్టి విషయం దగ్గరికి రావాలి. అది తిండి. అనస్తేసియా రోజూ సాధన చేస్తుంది, ఎప్పుడు చూసినా ఆకుకూరల సలాడ్ తింటుంది. ఎత్తే వాడికి బరువు కాకూడదు కాబట్టి ఆమె ఏం తినాలో ఆమె స్కేటింగ్ జోడీ ఆరన్ చెబుతాడు. ఏళ్ళ తరబడి అలవాటైపోయి, అది అదుపు చేయడమని ఆమెకే తోచదు. నేట్ కూడా ఆమె లాగే ఆటగాడు కాబట్టి లెక్క వేయగలడు. ఇంత సాధనకు ఈ తిండి చాలదని గమనిస్తాడు. ఆ సంగతిని కోప్పడకుండా, బతిమాలకుండా, ఒక ఆటగాడు ఇంకో ఆటగాడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తికి తగ్గ ఆహారం లేకపోతే ఎముకలు, నెలసరి, గుండె, మనసు అన్నీ దెబ్బతింటాయని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అనే పేరు పెట్టి మరీ హెచ్చరించింది. ఫిగర్ స్కేటింగ్, జిమ్నాస్టిక్స్ లాంటి ఆటల్లో అమ్మాయిలకు ఈ ముప్పు ఎక్కువ. ఒక తేలికపాటి ప్రేమ నవల ఈ విషయాన్ని పట్టుకుని, తినడాన్ని ప్రేమ భాషగా చూపించడం చిన్న పని కాదు. ఆటలాడి మానేసిన అమ్మాయిలు ఈ ఒక్క దారం కోసం మిగతా లోపాలన్నీ క్షమించేసిన సందర్భాలున్నాయి. ఇదే దారాన్ని తప్పుపట్టిన వాళ్ళ వాదనా బలమైనదే. ఆమె తిండి సమస్యను ఆమె కోచో, డాక్టరో, ఆమే కాకుండా ప్రేమించే అబ్బాయి వచ్చి తీర్చడమేంటి, ఇంత లోతైన గాయం ఇంత సులువుగా మానుతుందా అంటారు. రెండో మాట నిజం. సులువుగానే మానింది. మొదటి మాట పూర్తిగా నిజం కాదు, ఎందుకంటే ఆమె మానసిక వైద్యం తీసుకుంటున్న అమ్మాయి, ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్పుకునే అమ్మాయి. ఒక పాఠకురాలు తన అనుభవంతో ఈ భాగాన్ని తూచినప్పుడు వచ్చే సమీక్ష, నక్షత్రాల లెక్క ఎంతైనా సరే, చదివి తీరాల్సినది.

నక్షత్రాల లెక్క అన్నాం కాబట్టి ఒక మాట. పాఠకులు పుస్తకాలకు రేటింగ్ ఇచ్చే వెబ్‌సైట్ గుడ్‌రీడ్స్‌లో మూడు నక్షత్రాలకు అర్థం ‘నచ్చింది’ అని. రెండంటే ‘పర్వాలేదు’. ఆ వివరం చాలామంది పట్టించుకోరు. వాడుకలో మూడంటే ఏదో బండి లాగించింది అన్న అర్థం స్థిరపడింది. అర నక్షత్రం ఇచ్చే వీలు అక్కడ లేదు, అలాంటిదే అయిన స్టోరీగ్రాఫ్‌లో పావు నక్షత్రం కూడా ఇవ్వొచ్చు. లక్షల మంది రేటింగులు కలిపి తీసిన సగటు మనకు చెప్పేది దాదాపు ఏమీ లేదు. ఊరట కోసం వచ్చి ఐదు ఇచ్చినామె, పోటీ కోసం వచ్చి రెండు ఇచ్చినతను, మధ్యలోనే వదిలేసి ఒకటి ఇచ్చినామె, ముగ్గురినీ ఒక గిన్నెలో వేసి కలిపితే వచ్చే రుచి ఆ ముగ్గురిలో ఎవరిదీ కాదు.

పాఠకుల ఇష్టం పుస్తకం గట్టు దాటి బయటకు పొర్లిన సందర్భమూ ఈ కోవలో ఒకటుంది. 2021లో ఎన్‌హెచ్‌ఎల్‌లోకి వచ్చిన సియాటెల్ క్రాకెన్ జట్టు, హాకీ నవలలు చదివే అమ్మాయిలను తన అభిమానులుగా మార్చుకోవాలని వాళ్ళ అభిరుచికి తగ్గ వీడియోలు పెట్టింది. ఆటగాళ్ళను నవలా నాయకుల్లా చూపించింది. 2023 జూలైలో ఒక ఆటగాడి భార్య, తర్వాత ఆ ఆటగాడు కూడా, తమ మీద వస్తున్న అసభ్యమైన వ్యాఖ్యలు హద్దు మీరాయని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. జట్టు ఆ తరహా వీడియోలు తీసేసింది. దీని మీద పాఠకుల్లో పెద్ద రగడే నడిచింది. ప్రేమ నవలలు చదివే ఆడవాళ్ళందరినీ ఒకే గాటన కట్టి వెక్కిరించడానికి కొందరికి ఇది సాకు దొరికినట్టయింది, అది అన్యాయం. నవలలో నేట్ అడుగడుగునా ఆమెకు ఇష్టమేనా అని అడుగుతాడు, ఆ అడగడమే అతన్ని ఇష్టపడటానికి కారణమని వేలమంది రాశారు. అదే మర్యాద నిజం మనిషికీ దక్కాలని ఆ దంపతులు అడగడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఈ మొత్తం తగవులో తెలుగువాళ్ళకు తెలియనిదేమీ లేదు. ‘సెక్రటరీ’ నవలలో యద్దనపూడి సులోచనారాణి సృష్టించిన రాజశేఖరం కోసం ఒక తరం తెలుగు ఆడపిల్లలు వారపత్రికలు, మాసపత్రికలు ఎదురుచూసి చదివారు. అలాంటి మగవాడు లోకంలో ఎక్కడున్నాడని విమర్శకులు అప్పుడూ అడిగారు. లేడు కాబట్టే చదువుతున్నామన్న జవాబు అప్పుడూ ఉంది. పెద్ద కారు, ఎత్తైన మనిషి పోయి, ఆ చోటికి హాకీ స్టిక్, నోరారా మాట్లాడే గుణం వచ్చాయి. ఆ గుణం రావడం మాత్రం మంచి మార్పు. రాజశేఖరం మనసులో మాట బయటపెట్టడానికి నవలంతా పట్టేది.

ఇప్పటి తెలుగు పాఠకులకు ‘ఐస్‌బ్రేకర్’ టిక్‌టాక్ ద్వారా చేరలేదు, అది 2020 జూన్ నుంచి మన దేశంలో నిషేధంలో ఉంది. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ద్వారా చేరింది. వీళ్ళ అభిప్రాయాల్లో హాకీ వివరాల ఊసు పెద్దగా ఉండదు, మంచు రింక్ చూడని చోట ఆ తప్పులు ఎవరి కంటా పడవు. ఇక్కడ వినిపించే ఫిర్యాదు వేరే. అది అట్ట గురించి.

అట్ట మీద లేత రంగులు, బొమ్మల పుస్తకంలోలా గీసిన అమ్మాయి, అబ్బాయి, కాళ్ళకు స్కేట్లు. చూడగానే పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల పుస్తకం అనిపిస్తుంది. లోపల పడకగది దృశ్యాలు దాపరికం లేకుండా, పేజీలకు పేజీలు ఉంటాయి. ఇది పెద్దవాళ్ళ కోసం రాసిన పుస్తకం, రచయిత్రి ఆ సంగతి ఎక్కడా దాచలేదు. కానీ ఒంటి మీద చొక్కా లేని మగవాడి ఫోటో ఉన్న పాత తరం అట్ట చూస్తే పుస్తకం ఏ జాతిదో ఎవరికైనా తెలిసేది. ఈ కార్టూన్ అట్టలతో ఆ గుర్తు చెరిగిపోయింది. బస్సులో, ఆఫీసులో నలుగురిలో సిగ్గుపడకుండా చదువుకోగలగడం పెద్దవాళ్ళకు లాభం, ఆ లాభాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అమెరికాలో తల్లిదండ్రులు, లైబ్రేరియన్లు, పుస్తకాల షాపులవాళ్ళు మాత్రం అట్ట తెచ్చిన ఈ గందరగోళం మీద గట్టిగానే మాట్లాడారు. మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పుస్తకం దొంగ అచ్చు ప్రతులు ఫుట్‌పాత్‌ల మీద పిల్లల పుస్తకాల పక్కనే పరచి ఉంటాయి. అక్కడ అడిగి చెప్పే మనిషి ఉండడు.

ఆ లోటును పాఠకులే తీరుస్తున్నారు. సమీక్షల్లో వాళ్ళు పెట్టుకున్న కొలత మిరపకాయలు. ఒక మిరపకాయ అంటే ముద్దుతో ఆగిపోతుంది, నాలుగైదంటే పడకగది తలుపు తెరిచే ఉంటుంది. ‘ఐస్‌బ్రేకర్’కు చాలామంది నాలుగు వేస్తారు. ప్రచురణకర్తలు సాధారణంగా అట్ట మీద వేయని ఈ గుర్తును పాఠకులు తమంతట తామే తయారుచేసుకున్నారు. నక్షత్రాల మీద ఎంత కొట్టుకున్నా మిరపకాయల మీద వాళ్ళ మధ్య పెద్దగా తేడా రాదు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి స్నేహితురాలి దగ్గర చూసి ఈ నీలం అట్ట పుస్తకం కావాలని అడిగినప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు వెతకాల్సింది సగటు రేటింగ్ కాదు, ఆ మిరపకాయల లెక్క. రింక్ మీదే నడిచే ప్రేమ కథ కావాలంటే ఒక్క మిరపకాయ వేసినవీ ఉన్నాయి, అవి ఇప్పుడే ఇచ్చి, దీన్ని నాలుగేళ్ళు ఆగి చదవమని చెప్పొచ్చు.